కుముదిని పెట్టని సంతకం

ఆదివారం ఆఫీసర్ల క్లబ్బులో రిహార్సల్ మొదలైన ఇరవై నిమిషాలకు అనిరుధ్ గిటార్ యాంప్లిఫయర్‌లోంచి పొగ లేచింది. అంతకు మూడు రోజుల ముందే కుముదిని ఆ పెట్టెలో కాలిపోయిన పవర్ ట్రాన్సిస్టర్ల జంటను తీసి, కొత్త జంట వేసి, బాగైందని తేల్చి పెట్టింది. భిలాయి ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్ బస్తీలో పెదనాన్న భుజంగరావు రేడియో కొట్లో రిపేరు బల్ల ముందు ఆమె కూర్చోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆడపిల్ల చేతికి పని అప్పగిస్తే ఇంతేనని సోమవారం పొద్దుటికల్లా బజారంతా అనేసింది. మంగళవారం అనిరుధ్ తండ్రి శ్యామసుందర్ నుంచి కబురొచ్చింది. ఆయన రోలింగ్ మిల్లులో కరెంటు విభాగం ఇంజనీరు, క్లబ్బుకు కార్యదర్శి. బుధవారం తానే వస్తానన్నాడు. పెట్టెతో పాటు ఒక కాగితం కూడా తెస్తానన్నాడు.

అన్నట్టుగానే వచ్చాడు.

మూడు దాటాక తెల్ల మారుతి వ్యాను కొట్టు ముందు ఆగింది. వెనకాలే అనిరుధ్ స్కూటరు మీద వచ్చాడు, వీపున గిటార్ సంచీతో. తండ్రి వ్యాను తలుపు తీసి పట్టుకుంటే కొడుకు కాలిన పెట్టెను మోసుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు. కుముదిని వైపు చూసి, "నమస్తే దీదీ" అన్నాడు నెమ్మదిగా. తండ్రి చూడగానే తల దించుకున్నాడు.

"కూర్చోండి బాబూ, కూర్చోండి" అంటూ భుజంగరావు లేచి తన కుర్చీ దులిపి వేశాడు. అరవై ఏళ్ల మనిషి. రేడియో భుజంగరావు అంటే ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్లలో కూడా తెలియనివాళ్లు తక్కువ. శ్రీకాకుళం వైపునుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో మొదటి రేడియో ఆయన బాగుచేసిందే.

శ్యామసుందర్ కూర్చోలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"భుజంగరావుగారూ, మనది ఇవాళ్టి పరిచయం కాదు. గొడవ పడటం నాకూ ఇష్టం లేదు. మీ అమ్మాయి దీని మీద సంతకం పెడితే చాలు. కాలిన స్పీకరు సంగతి కూడా నేను మాట్లాడను."

టైపు కొట్టించిన కాగితం. ఆరే వాక్యాలు. కుముదిని నిలబడే చదివింది. ఈ పనిలో తనకు తగిన జ్ఞానం లేదని, తన అజ్ఞానం వల్లే యాంప్లిఫయర్ పాడైందని, ఇకమీదట క్లబ్బులకు సంబంధించిన ఏ పరికరమూ తాను ముట్టుకోనని. కింద ఆమె పేరు, పక్కన సాక్షిగా భుజంగరావు పేరు.

"పెట్టీ తల్లీ" అన్నాడు భుజంగరావు. "సంతకమే కదా. పెట్టీసి ఒదిలించుకో."

ఆ మాటకు కుముదిని తలెత్తి చూసింది. తండ్రి వద్దన్నా పట్టుబట్టి ఆమెను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్‌లో చేర్చినవాడు ఈయనే. పాతికమంది మగపిల్లల మధ్య ఒక్కతే ఏం చదువుతుందని నలుగురూ నవ్వితే, చదివి చూపిస్తుందని నడిబజారులో పోట్లాడినవాడూ ఈయనే. ఇప్పుడు ఆమె ముఖం చూడకుండా, కౌంటరు మీద పెన్ను వెతుకుతున్నాడు.

కుముదిని కాగితాన్ని తిరిగి శ్యామసుందర్ ముందు పెట్టింది.

"ఇందులో రెండు సంగతులున్నాయి సార్. పెట్టె కాలిందన్నది నిజం. నాకు పని రాదని ఎవరు తేల్చారు?"

"కాలిన పెట్టే తేల్చింది."

"పెట్టె ఏమీ చెప్పలేదు. దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

శ్యామసుందర్ కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. ఆయన మాట ఎప్పుడూ పైకి లేవదు. "అమ్మాయ్, నేను ఇంజనీర్ని. నాలుగు రోజులైనా నిలవని పనిని ఏమంటారో నాకు తెలుసు."

"అయితే ఇంకా మంచిది. ఇక్కడే విప్పుతాను, మీ ముందే. నేను ఎక్కడ మాయ చేసినా పట్టుకోండి. నా గల్తీ అని తేలితే ఈ కాగితం ఎందుకు, క్లబ్బు గోడ మీద అంటించుకునేంత పెద్ద కాగితం తెండి, సంతకం పెడతాను. తేలకపోతే దీన్ని మీ చేత్తోనే చింపాలి. ఇక్కడే."

వెనక గదిలోంచి గున్నమ్మ తెర తొలగించుకుని వచ్చింది. భుజంగరావు భార్య. "ఒలే! పెద్దోలితో అలగేటే మాటలు?"

"నువ్వు చాయ్ పెట్టు పెద్దమ్మా. సార్‌కి చక్కెర తక్కువ."

శ్యామసుందర్ చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని బల్లకు దగ్గరగా వేసుకున్నాడు. "విప్పు."

"ఇప్పుడు ఇప్పడం ఎందుకమ్మా, బాబుగారికి ఏటి పని లేదా?" అన్నాడు భుజంగరావు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

వెనక పలక ఊడదీయగానే మాడు వాసన గుప్పుమంది. కుముదిని మొదట ఏదీ ముట్టుకోలేదు. బల్ల దీపం వంచి, లోపలంతా ఒకసారి కళ్లతో తిరిగి వచ్చింది. పనిలో చేరిన తొలి రోజున భుజంగరావు చెప్పిన మొదటి పాఠం అదే. చేతులకంటే ముందు కళ్లు పెట్టాలి.

మల్టీమీటర్ తీసింది. రెండు పవర్ ట్రాన్సిస్టర్లు వేడిని లాగేసే నల్లటి అల్యూమినియం హీట్‌సింక్ మీద పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదాని కాళ్ల మీద మీటరు తీగలు ఆనించింది. ముల్లు కదిలి సగంలో ఆగింది. రెండోదాని మీద ఆనించగానే ముల్లు చివరిదాకా ఎగిరి అక్కడే ఉండిపోయింది.

"ఇది షార్టు. లోపలి కరెంటంతా దీంట్లోంచి నేరుగా స్పీకరులోకి పోయింది. అందుకే కాయిల్ మాడింది. ఇంతవరకూ సరేనా సార్?"

"సరే. ఎందుకు షార్టయింది? నకిలీ సరుకు వేసి ఉంటావు."

"ఆ అనుమానం నాకూ ఉంది. పేరు చెరిపేసి వేరే పేరు కొట్టినవి బజార్లో బోలెడు."

ఆమె ఆ ట్రాన్సిస్టర్ ఊడదీసి బల్ల అంచునున్న వైస్‌లో బిగించింది. ఇనుము కోసే రంపం తీసి దాని లోహపు టోపీని చుట్టూ కోయడం మొదలుపెట్టింది. ఆ శబ్దానికి పక్క పాన్ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా గుమ్మం దాకా వచ్చారు. టోపీ ఊడింది. లోపల చిటికెన వేలి గోరంత సిలికాన్ ముక్క, నడిమధ్య కాలిన మచ్చ, దాన్ని పట్టుకుని రెండు లావుపాటి తీగలు.

"నకిలీదైతే ఇది ఆవగింజకు కాస్త పెద్దగా ఉంటుంది. తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. చూడండి."

శ్యామసుందర్ దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు. బల్ల మీద పెట్టేశాడు.

ఆమె వరస తప్పకుండా ముందుకు పోయింది. కరెంటు హీట్‌సింక్‌లోకి పాకకుండా ట్రాన్సిస్టర్ కింద వేసిన మైకా రేకును దీపానికి అడ్డం పెట్టి చూపించింది. ఎక్కడా చిల్లు లేదు. వెనక ఉన్న చిన్న ట్రాన్సిస్టర్లు బతికే ఉన్నాయి. తెల్లటి రెసిస్టర్లలో ఒకటి నడుమ పగిలి ఉంది. "ఇది దెబ్బ తిన్నది సార్, దెబ్బ కొట్టింది కాదు" అంది. గున్నమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. శ్యామసుందర్ తాగుతూనే కళ్లు బల్ల మీదే ఉంచాడు. అనిరుధ్ మాత్రం దీదీ చేతుల్ని చూస్తూ చాయ్ చల్లార్చేసుకున్నాడు.

అప్పుడు హీట్‌సింక్‌ను వెనక్కి తిప్పింది కుముదిని. ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్కడ ఒక చిన్న డయోడ్ ఉండాలి, హీట్‌సింక్‌కు అతుక్కుని, పైన రేకు పట్టీతో బిగించి. డయోడ్ ఉంది. కానీ హీట్‌సింక్‌ను తాకడం లేదు. రెండు కాళ్ల మీద, అంగుళం దూరంలో, గాలిలో నిలబడి ఉంది. రేకు పట్టీ లేదు. స్క్రూ లేదు.

ఆ ఆగిపోవడం శ్యామసుందర్ చూశాడు. "ఏమిటి?"

దాచాలంటే ఒక్క వేలు అడ్డం పెడితే చాలు. ఆమె దీపాన్ని ఇంకా దగ్గరికి వంచింది.

"ఈ ట్రాన్సిస్టర్లు వేడెక్కిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతాయి సార్. ఎక్కువ లాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతాయి. ఈ డయోడ్ ఆ వేడి తెలుసుకుని కరెంటుకు కళ్లెం వేస్తుంది. అందుకే దీన్ని హీట్‌సింక్‌కు ఆనించి బిగించాలి. ఇలా గాలిలో ఉంటే దీనికి వేడి తెలియదు. కళ్లెం పడదు."

"చల్లగా ఉన్నంతసేపూ బాగానే వాయిస్తుంది" అన్నాడు శ్యామసుందర్ నెమ్మదిగా. ఆయనకు అర్థమైపోయింది. "ఇరవై నిమిషాలకు కాలిపోతుంది."

"అవును."

"అంటే నువ్వు దీన్ని బిగించడం మరిచిపోయావు." ఆయన కాగితాన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపి, జేబులోంచి తన పెన్నే తీసి దాని మీద పెట్టాడు. "నిజం నువ్వే చెప్పావు. అందుకు మెచ్చుకుంటున్నాను. పెట్టు."

గుమ్మంలో ఎవరో నవ్వారు. కుముదిని పెన్ను ముట్టుకోలేదు. మరిచిపోయిందా? గురువారం పొద్దున తన చేతులు ఏం చేశాయో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. మైకా. తెల్ల పేస్టు. ట్రాన్సిస్టర్లు. డయోడ్. పట్టీ బిగించినట్టే ఉంది. కానీ ప్రతిసారీ బిగించే చేతులు ఈసారి కూడా బిగించాయని అనుకోవడం తేలిక. అనుకోవడం వేరు, తెలియడం వేరు.

ఆమె పెన్ను పక్కకు నెట్టి భూతద్దం తీసుకుంది.

"ఇప్పుడింకేం చూస్తావు?" అన్నాడు భుజంగరావు. "పెద్దాయన ఎంతసేపు కూసుంటాడమ్మా? సాలించు."

హీట్‌సింక్ మీద, డయోడ్ ఆనాల్సిన చోట, వేడి బాగా పాకడానికి పూసే తెల్ల పేస్టు ఉంది. తడి మట్టి మీద చెప్పు గుర్తు పడినట్టు దాని మధ్యలో ఒక లొత్త. డయోడ్ పొట్ట గుర్తు. దానికి అడ్డంగా రేకు పట్టీ గుర్తు. స్క్రూ కంత చుట్టూ పేస్టు బయటికి ఒత్తుకొచ్చి గట్టిపడి ఉంది.

"సార్, మీరే చూడండి. ఇది బిగించకపోతే ఈ గుర్తు ఎలా పడుతుంది?"

శ్యామసుందర్ వంగాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా లేచేటప్పటికి ముఖంలో ఇందాకటి నిబ్బరం లేదు.

"ఇంకొకటి" అంది కుముదిని. ఇప్పుడు ఆమె గొంతు గుమ్మం దాకా వినిపించింది. "నేను బిగించిన డయోడ్ నల్లది. ఇది గాజుది. సోల్డరు అతుకు చూడండి, పప్పుగింజంత ముద్ద. నాది ఇలా ఉండదు, మిగతా అతుకులతో పోల్చుకోండి. నేను పని ముగించాక ఎవరో దీన్ని ఊడదీసి, వేరేది వేసి, బిగించకుండా వదిలేశారు. మీ మిల్లులో మోటారుకు వేడెక్కితే ఆపేసే రిలే ఉంటుంది కదా సార్. దాన్ని ఎవరో పీకేస్తే, మోటారు చుట్టినవాడికి చుట్టడం రాదని రాయిస్తారా?"

శ్యామసుందర్ కొడుకు వైపు తిరిగాడు. "అనిరుధ్! క్లబ్బులో ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"కసమ్ సే డాడీ, ఎవ్వరూ ముట్టుకోలేదు. శుక్రవారం సాయంత్రం ఇక్కడినుంచి సీదా మన ఇంటికే తీసుకెళ్లాను. ఆదివారం దాకా నా గదిలోనే ఉంది. స్క్రూ డ్రైవరే లేదు నా దగ్గర."

"మరి ఎవరు?"

గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా పెట్టె కొట్లోనే ఉంది. గాజు డయోడ్లు ఈ కొట్లో ఒకే ఒక డబ్బాలో ఉంటాయి, పాత రేడియోల కోసం భుజంగరావు దాచుకున్నవి. ఈ రెండూ కుముదిని మనసులో ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆమె వెంటనే వెనక్కి తిరగలేదు. తిరిగినప్పుడు పెదనాన్న ఆమెను చూడటం లేదు. రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకుని, ఎదుటి గోడ వైపు చూస్తున్నాడు.

"మాట్లాడవేం?" అన్నాడు శ్యామసుందర్. "ఎవరు?"

"అది మా కొట్టు సంగతి సార్."

"అంటే తెలుసన్నమాట."

"ఈ పెట్టె మా కొట్లోంచి బాగులేకుండా వచ్చింది. కొట్టు తరఫున ఆ తప్పు నేను ఒప్పుకుంటాను. కొత్త స్పీకరు నేనే వేసిస్తాను. నాకు పని రాదని మాత్రం రాసివ్వను. ఇవాళే కాదు, ఎప్పటికీ."

ఆయన ఇంకేదో అనబోతుండగానే ఆమె పనిలో పడిపోయింది. కొత్త జంట, కొత్త మైకా, పగిలిన రెసిస్టర్ బదులు మరొకటి. సొరుగులోంచి నల్ల డయోడ్ తీసి, పేస్టు పూసి, రేకు పట్టీ కింద పెట్టి స్క్రూ బిగించింది. బిగించాక శ్యామసుందర్ చేతికి స్క్రూ డ్రైవర్ ఇచ్చి, "మీరూ ఒకసారి తిప్పండి" అంది. ఆయన తిప్పాడు. స్క్రూ కదల్లేదు.

నేరుగా కరెంటు ఇవ్వలేదు. నూరు వాట్ల బల్బును దారిలో కాపలా పెట్టి, దానిగుండా ఇచ్చింది. లోపల ఎక్కడ షార్టు ఉన్నా బల్బు భగ్గున వెలుగుతూ ఉండిపోతుంది. పెట్టె బతుకుతుంది. స్విచ్ వేసింది. బల్బు ఒక్కసారి మెరిసి, ఎర్రబడి, మగ్గిపోయింది. స్పీకరు తీగల దగ్గర మీటరు ముల్లు సున్నా మీదే కూర్చుంది. బల్బు తీసేసి, ట్రాన్సిస్టర్లు ఊరికే ఉన్నప్పుడు లాగే కరెంటును కొలిచి, చిన్న సర్దుబాటు స్క్రూ అటూ ఇటూ తిప్పి సరిపెట్టింది. కొట్లో పరీక్షకు ఉంచుకునే స్పీకరును తగిలించింది.

"వాయించు అనిరుధ్. గడియారం చూసుకుని అరగంట. గట్టిగా వాయించు, మెల్లగా వద్దు."

అనిరుధ్ ముందు తండ్రి వైపు చూశాడు. తర్వాత గిటార్ తీసి తీగ తగిలించాడు. మొదటి మోతకే గోడన వేలాడుతున్న రేడియో పెట్టెలు గలగలలాడాయి. పాన్ కొట్టువాడు "వాహ్ భయ్యా!" అని అరిచాడు. గున్నమ్మ చెవులు మూసుకుంది. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. ఇరవయ్యో నిమిషం దగ్గర అందరి కళ్లూ పెట్టె వెనక వైపే. ఇరవై ఐదు. ముప్ఫై.

"చెయ్యి పెట్టి చూడండి సార్."

శ్యామసుందర్ హీట్‌సింక్ మీద అరచెయ్యి ఆనించాడు. తీయలేదు. "గోరువెచ్చగా ఉంది" అన్నాడు.

"కాగితం సార్."

"ఎవరు ఊడదీశారో చెప్పు. చింపుతాను."

"మనం అనుకున్నదాంట్లో ఆ షరతు లేదు."

గుమ్మంలో జనం. ఆయన వాళ్లను చూశాడు, కొడుకును చూశాడు. కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి ముక్కలు బల్ల మీద పెట్టాడు. వ్యాను ఎక్కబోతూ ఆగి అన్నాడు. "నీకు పని వచ్చు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ మా సామాన్లు మళ్లీ ఈ కొట్టుకు రావాలంటే ఆ పేరు నాకు తెలియాలి. అనిరుధ్, నువ్వు సర్దుకుని తిన్నగా సెక్టర్ టూ హాలుకి వచ్చెయ్. ఐదున్నరకి పిల్లల ప్రోగ్రాం."

వ్యాను వెళ్లింది. జనం కదిలారు. అనిరుధ్ బయట స్కూటరు దగ్గర గిటార్ సంచీ సర్దుకుంటున్నాడు. కుముదిని కొట్టు తలుపు ఒక రెక్క మూసి, పెదనాన్న ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఎందుకు పెదనాన్నా?"

భుజంగరావు తువ్వాలు తీశాడు.

"కళ్లు ఆనడం లేదమ్మా. కుడి కన్ను అంతా పొగలాగుంటాది. ఆర్నెల్లయింది. మీ పెద్దమ్మకి కూడా సెప్పలేదు. నువ్వు సేసిన ఏ పనీ నాను ఓసారి సూడకుండా బయటికి పంపలేదు. అలగే దీన్నీ ఇప్పినాను. నా ఏలు తగిలి ఆ డయోడ్ కాలు ఇరిగిపోయింది. డబ్బాలో సేతికందింది ఏసినాను. బిగించినాననే అనుకున్నాను."

"పొగొచ్చిందని తెలిశాక?"

"అప్పుడు తెలిసింది."

"తెలిసీ సంతకం పెట్టమన్నావు."

ఆయన తువ్వాలును ఒళ్లో మడత పెట్టాడు. "నీకు వయసుంది. ఈ మాట ఇయ్యాల పడ్డా రేపు మరిపించీగలవు. నాకు ఆ పేరు తప్ప ఇంకేటుంది సెప్పు?"

కుముదినికి ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, కుదురైన కోపం. "పేరు నాకూ ఉంది పెదనాన్నా. చిన్నదే. కానీ నేను సంపాదించుకున్నది. నీ పేరు ఆయన ముందు నేను ఎత్తలేదు. నువ్వు మాత్రం నా పేరు అమ్మేశావు."

తెర వెనక గున్నమ్మ నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గ్లాసులు. ఆమె అంతా విన్నది. భుజంగరావు ఆమె వైపు చూడలేక కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"ఇదొక్కటే అయితే బాగుణ్ణు."

"ఏమిటి?"

"సెక్టర్ టూ హాలు మైకు మిషను. నిన్న నువ్వు దుర్గ్ ఎల్లినప్పుడు నానే సేసి పంపినాను. అందులోనూ పెద్ద జంట మార్సినాను. దాని డయోడ్..." ఆయన రెండు చేతులూ గాల్లో కదిలాయి, లేని స్క్రూను వెతుకుతున్నట్టు. "బిగించినానో లేదో గుర్తు లేదమ్మా. ఫ్యూజు మాటిమాటికీ పోతందని తీగ సుట్టీసినాను. లావు తీగ."

కుముదిని గోడ గడియారం చూసింది. ఐదూ నలభై.

ఫ్యూజు ఉంటే మిషను కాలినా కరెంటు ఆగిపోతుంది. లావు తీగ ఉంటే ఆగదు. మిషను తర్వాత ఏది అందితే అది కాలుతుంది.

ఆమె పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయటికి పరిగెత్తింది. "అనిరుధ్! స్కూటర్ తియ్. జల్దీ!"

"ఏమైంది దీదీ?"

"మీ వాళ్లెవరున్నారు ఆ హాల్లో?"

"డాడీ, మమ్మీ... చెల్లి కిరణ్మయి డ్యాన్సుంది."

మిగతాది దారిలో చెప్పింది. అనిరుధ్ వేగం పెంచాడు. పడబోతున్న రైల్వే గేటు కింద నుంచి స్కూటరు దూరిపోయింది. గేటువాడు వెనకనుంచి తిట్టాడు.

సెక్టర్ టూ హాలు ముందు స్కూటర్లు, సైకిళ్లు నిండిపోయి ఉన్నాయి. లోపల్నుంచి ఎవరిదో ప్రసంగం మైకులో వినిపిస్తోంది. మాటల అడుగున గుంయ్‌మని ఒక మోత. ఆ మోత మామూలు జనానికి వినిపించదు. కుముదినికి వినిపించింది. ఆమె హాలు పక్కనుంచి వేదిక వెనక ఉన్న చిన్న గది దగ్గరికి పరిగెత్తింది. తలుపుకు తాళం. కిటికీ సందులోంచి చూస్తే లోపల చుట్టపెట్టిన పాత తెరలు, గుట్టగా కాగితపు పూలు, వాటి మధ్య చెక్క స్టూలు మీద మిషను. మాడుతున్న వార్నిష్ వాసన సన్నగా ముక్కుకు తగిలింది.

"చాబీ?" అని చౌకీదారును అడిగింది.

"సాహబ్ కే పాస్. బచ్చే ఛేడ్తే హైం న, ఇసీలియే." పిల్లలు కెలుకుతారని తాళంచెవి సాహెబు దగ్గరే ఉంచారట; ఆయన వేదిక వైపు చూపించాడు.

వేదిక మీద మైకు చేత్తో పట్టుకుని శ్యామసుందర్ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక గజ్జెలు కట్టుకున్న పదిహేనుమంది ఆడపిల్లలు వరసగా. కుముదిని పక్క మెట్ల మీదుగా వేదికెక్కింది. చెప్పులు, నూనె మరకల చున్నీ, భుజాన సంచీ. హాల్లో గుసగుస లేచింది.

"సార్, పక్క గది తాళం ఇవ్వండి. పిల్లల్ని కిందికి దింపండి. ఇప్పుడే."

ఆమె మాట మైకులో పడి హాలు చివరిదాకా వెళ్లింది. శ్యామసుందర్ ముఖం ఎర్రబడింది. ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఏమిటిది? ఆ మిషను నిన్ననే మీ కొట్లోంచి బాగై వచ్చింది. మీ పెదనాన్న స్వయంగా చేసి పంపాడు."

"తాళం సార్!"

"మధ్యాహ్నం అడిగితే మా కొట్టు సంగతన్నావు. ఇప్పుడు ఇంతమంది మధ్యకి నువ్వే వచ్చావు. దానికేమైందో, ఎవరు చేశారో చెప్పు. ఇస్తాను."

మూడొందల ముఖాలు. అందులో సగం ఖుర్సీపార్ వాళ్లవే. మూడో వరసలో ఒక ముసలాయన, భుజంగరావుతో ఒకే రైల్లో భిలాయి వచ్చినవాడు, ముందుకు వంగి చూస్తున్నాడు. వరస చివర నిలబడ్డ కిరణ్మయి ముక్కు చిట్లించి, మెట్ల దగ్గరికి వచ్చిన అనిరుధ్‌తో, "అన్నయ్యా, ఏదో కాలుతోంది" అంది.

కుముదిని ఒక్క అడుగు ముందుకు వేసి, శ్యామసుందర్ చేతిలోంచి మైకు లాక్కుని, "రెండు పెట్టెల్లోనూ తప్పు మా పెదనాన్నదే, ఈ మిషను కాలుతోంది, తాళం ఇవ్వండి, పిల్లల్ని దింపండి!" అంది.